54 మ్యాచ్‌లు ఆడినవాడే మొదటి పేరు

ఫిట్జ్‌రాయ్ ఫుట్‌బాల్ క్లబ్బు పాత ఆటగాళ్లలో గొప్పవాడెవరని మెల్‌బోర్న్‌లో కాస్త వయసు మళ్లినవాళ్లని ఎవరిని అడిగినా హేడెన్ బంటన్ పేరు చెబుతారు. ఆ వెంటనే కెవిన్ మర్రే. కొందరు ఈ ఇద్దర్నీ అటూ ఇటూ మారుస్తారు, అంతే తేడా. నా జాబితా మాత్రం డగ్ నికల్స్‌తో మొదలవుతుంది. ఆ క్లబ్బుకి అతను ఆడింది 54 మ్యాచ్‌లే. పతకం లేదు, కప్పు లేదు.

"నికల్స్ గొప్ప మనిషి, నేనెప్పుడు కాదన్నాను? కానీ మనం మాట్లాడేది ఆటగాళ్ల గురించి కదా" అని మా ఆఫీసులో ఒక పెద్దాయన ఈ మాట వచ్చినప్పుడల్లా దబాయిస్తాడు. ఆయన పుట్టడమే ఫిట్జ్‌రాయ్ అభిమానుల ఇంట్లో పుట్టాడు. నేను చూస్తే ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చి, చలికాలం శనివారాలు ఎలా గడపాలో తెలియక ఈ ఆట మరిగినవాణ్ణి. న్యాయంగా చూస్తే ఈ విషయంలో ఆయన మాటే చెల్లాలి. కానీ ఆయన కొలబద్దతో నాకు పేచీ ఉంది. ఆ పేచీ ఏమిటో చెప్పాలంటే ముందు ఆట గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, తెలిసినవాళ్లు ఒక పేరా దాటేయొచ్చు.

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌ని ఇక్కడందరూ ఫుటీ అంటారు. క్రికెట్ మైదానాల మీదే చలికాలంలో ఆడతారు. జట్టుకి 18 మంది. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. కాలితో తన్నొచ్చు, అరచేతిలో పెట్టుకుని పిడికిలితో గుద్ది పక్కవాడికి అందించొచ్చు, విసరడం మాత్రం కుదరదు. మైదానం రెండు చివర్లా నాలుగేసి స్తంభాలుంటాయి. మధ్య రెండింటి నడుమ నుంచి తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్క సందుల్లోంచి పోతే బిహైండ్, 1 పాయింటు. తన్నిన బంతిని గాల్లోనే పట్టడాన్ని మార్క్ అంటారు, దానికోసం అవతలివాడి భుజాల మీదికి కూడా ఎగబాకుతారు. మొదటిసారి చూసినప్పుడు ఇది ఫౌల్ ఎందుకు కాలేదా అని నోరు తెరుచుకుని చూస్తాం. 2024 డిసెంబరులో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టిన ఎంసీజీ మైదానం గుర్తుంది కదా. అదే గడ్డి మీద అంతకు మూడు నెలల ముందు ఫుటీ గ్రాండ్ ఫైనల్ జరిగింది. సిడ్నీని ఓడించి బ్రిస్బేన్ లయన్స్ కప్పు ఎత్తింది. ఆ లయన్స్ అన్న పేరు, జెర్సీ మీది సింహం, గెలిచాక పాడే పాట బాణీ, ఇవన్నీ ఫిట్జ్‌రాయ్ నుంచి వచ్చినవే. ఆ బాణీ నిజానికి ఫ్రాన్స్ జాతీయ గీతానిది, అది వేరే కథ.

ఫిట్జ్‌రాయ్ అనేది మెల్‌బోర్న్ నగరం నడిబొడ్డుకి ఆనుకుని ఉన్న పేట. ఇప్పుడు కాఫీ షాపులు, ఖరీదైన ఇళ్లు. ఒకప్పుడు ఫ్యాక్టరీ కూలీలు, ఇరుకు సందులు, అద్దె కట్టలేని కుటుంబాలు. 1883లో ఆ పేట వాళ్లు క్లబ్బు పెట్టుకున్నారు. 1897లో విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడు అందులోని ఎనిమిది క్లబ్బుల్లో ఇదొకటి. బ్రన్స్‌విక్ స్ట్రీట్ మైదానం సొంత గడ్డ. లీగ్‌లో ఎనిమిది ప్రీమియర్‌షిప్‌లు, అంటే ఏడాది కప్పులు, గెలిచింది. వాటిలో 1916 నాటిది విచిత్రమైంది. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల ఆ ఏడు నాలుగు జట్లే ఆడాయి. ఫిట్జ్‌రాయ్ పట్టికలో ఆఖర్న నిలిచింది. సీజన్ చివర పై జట్లు కప్పు కోసం ఆడే ఫైనల్స్‌లో నాలుగు జట్లకీ చోటుండటంతో అక్కడ పుంజుకుని కప్పు కొట్టేసింది! ఆఖరి కప్పు 1944లో. ఆ తర్వాత 52 ఏళ్లు ఒక్కటీ రాలేదు, 1996లో క్లబ్బే లీగ్‌లో లేకుండా పోయింది.

లేకుండా పోయిన తీరు కూడా చెప్పాలి. అప్పులు పెరిగిపోయాయి. వాటిలో ఒకటి నౌరూ అనే చిన్న ద్వీప దేశపు బీమా సంస్థ ఇచ్చిన అప్పు. ఆ సంస్థే 1996 జూన్‌లో క్లబ్బు మీద అడ్మినిస్ట్రేటర్‌ని, అంటే అప్పుల్లో మునిగిన సంస్థ వ్యవహారాలు చూసే బయటి అధికారిని, పెట్టించింది. నార్త్ మెల్‌బోర్న్‌తో విలీనం అవుతుందని అందరూ అనుకున్నారు. ఆ కలిసిన జట్టు మరీ బలంగా తయారవుతుందని మిగతా క్లబ్బులు అడ్డుపడ్డాయి. చివరికి వందల మైళ్ల అవతల బ్రిస్బేన్ బేర్స్‌తో ముడి పెట్టారు, అలా పుట్టిందే బ్రిస్బేన్ లయన్స్. సెప్టెంబరు 1న పశ్చిమ ఆస్ట్రేలియాలోని సుబియాకో మైదానంలో ఫ్రీమాంటిల్ చేతిలో 86 పాయింట్ల తేడాతో ఓడిపోయి ఫిట్జ్‌రాయ్ ఆట ముగించింది. ఎనిమిది మంది ఆటగాళ్లు బ్రిస్బేన్‌కి వెళ్లారు.

మనకి ఇలాంటిది అర్థం కాకపోదు. 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో డెక్కన్ చార్జర్స్ ఐపీఎల్ కప్పు గెలిచింది. 2012లో ఆ ఫ్రాంచైజీని రద్దు చేశారు, సన్‌రైజర్స్ వచ్చింది. 2016లో వార్నర్ కప్పు తెచ్చాడు. మరి హైదరాబాద్‌కి ఎన్ని కప్పులు? ఊరిని లెక్కేస్తే రెండు, జట్టుని లెక్కేస్తే ఒకటి. అయితే చార్జర్స్ ఆయుష్షు ఐదు సీజన్లు. ఫిట్జ్‌రాయ్‌కి నూరేళ్ల పైచిలుకు. మైదానం, జెర్సీ, కార్యాలయం అన్నీ పోయాక పాత ఆటగాళ్ల పేర్లే మిగులుతాయి. అందుకే ఆ జాబితాలో మొదట ఎవరిని పెట్టాలన్నది ఊసుపోని చర్చగా నాకు అనిపించదు.

సరే, బంటన్. పెద్దాయన పక్షం బలంగానే ఉంది, ముందు దాన్ని పూర్తిగా చెప్పేస్తాను.

బ్రౌన్లో పతకం అని లీగ్‌లో అన్నిటికన్నా పెద్ద వ్యక్తిగత గౌరవం ఉంది. ప్రతి మ్యాచ్ అయ్యాక అంపైర్లు తాము మెచ్చిన ముగ్గురికి 3, 2, 1 చొప్పున ఓట్లు వేస్తారు. ఏడాది చివర్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాడికి పతకం. 1924లో మొదలైన ఈ పతకాన్ని మూడుసార్లు గెలిచిన మొదటి ఆటగాడు బంటన్. అదీ ఎలా? న్యూ సౌత్ వేల్స్ సరిహద్దు పట్టణం ఆల్బరీ నుంచి వచ్చి, 1931లో లీగ్‌లో అడుగుపెట్టిన మొదటి సంవత్సరమే ఒకటి. మరుసటి ఏడు ఇంకొకటి. 1935లో మూడోది. తర్వాత పశ్చిమ ఆస్ట్రేలియాకి వెళ్లి సుబియాకో తరఫున అక్కడి అత్యున్నత పతకం శాండోవర్ కూడా మూడుసార్లు గెలిచాడు. 1996లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ పెట్టినప్పుడు మొట్టమొదట లెజెండ్ హోదా ఇచ్చిన కొద్దిమందిలో అతనొకడు.

నిజానికి బంటన్ 1930లోనే ఆడాల్సింది. ఆ ఏడే లీగ్ కూల్టర్ రూలు తెచ్చింది. ఏ ఆటగాడికీ మ్యాచ్‌కి 3 పౌండ్లకి మించి ఇవ్వకూడదని. బంటన్‌ని రప్పించడానికి ఫిట్జ్‌రాయ్ లోపాయికారీగా అంతకన్నా ఎక్కువ ఇవ్వజూపిందని తేలి, సీజన్ మొత్తం అతన్ని పక్కన కూర్చోబెట్టారు. ఆర్థిక మాంద్యం రోజులవి. ఆ పేటలో మగవాళ్లు పని దొరక్క వీధుల్లో తిరుగుతుంటే, క్లబ్బు ఒక కుర్రాడి కోసం రూలు తప్పడానికి కూడా తెగించింది. ఆ తెగింపు తప్పంటే తప్పే. కానీ శనివారం మధ్యాహ్నం ఆ పేటకి ఇంకేం ఉంది?

ఇప్పుడొక చిత్రమైన లెక్క. 1931 నుంచి 1936 దాకా ఆరేళ్లలో ఐదు బ్రౌన్లో పతకాలు ఫిట్జ్‌రాయ్‌వే. బంటన్‌వి మూడు, 1933లో విల్ఫ్రెడ్ స్మాల్‌హార్న్, 1936లో డినీ రయాన్. 1934లో మాత్రం ఎసెండన్ ఆటగాడు డిక్ రెనాల్డ్స్ కొట్టుకుపోయాడు. ఇన్ని పతకాలున్న ఆ ఆరేళ్లలో ఫిట్జ్‌రాయ్ ఒక్కసారి కూడా ఫైనల్స్ మొహం చూడలేదు. రయాన్ పతకం గెలిచిన 1936లో జట్టు పట్టికలో అట్టడుగున ఉంది. కెప్టెన్, కోచ్ రెండూ బంటనే. ఒకే జట్టులో ముగ్గురు పతకధారులు, వింగ్‌లో, అంటే మైదానం అంచు వెంట, డగ్ నికల్స్, ఫలితం ఆఖరి స్థానం!

దీన్ని చూసి నవ్వేవాళ్లున్నారు. అంపైర్ల ఓట్లు నమ్మదగినవి కావనడానికి ఇదే రుజువంటారు. నాకు తోచేది వేరు. పతకాలు ఆటగాడి గురించి కొంత చెబుతాయి, క్లబ్బు గురించి ఏమీ చెప్పవు. బంటన్ ఎక్కడ ఆడినా బంటనే. సుబియాకో వెళ్లి అది తనే నిరూపించాడు. అతని గొప్పతనంలో ఫిట్జ్‌రాయ్ వాటా ఎంత? 119 మ్యాచ్‌లు, ఒక దొంగ చెల్లింపు. పెద్దాయన కొలబద్దతో నా పేచీ ఇక్కడే. గొప్ప ఆటగాళ్ల జాబితా, ఒక క్లబ్బు గొప్ప ఆటగాళ్ల జాబితా ఒకటి కావు. రెండోదానిలో క్లబ్బు ఉండాలి.

స్మాల్‌హార్న్ సంగతి ఒక మాట. చికెన్ అని ముద్దుపేరు, బక్కపలచని మనిషి. రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్ పడిపోయినప్పుడు జపాన్ సైన్యానికి చిక్కి చాంగీ యుద్ధ ఖైదీల శిబిరంలో ఉన్నాడు. అక్కడ ఖైదీలు ఫుటీ పోటీలు పెట్టుకున్నారు, వాటిని నడపడంలో ఇతని చెయ్యి ఉంది. ఉత్తమ ఆటగాడికి చాంగీ బ్రౌన్లో అని ఒక పతకం కూడా ఇచ్చారు. సెయింట్ కిల్డా క్లబ్బుకి ఆడిన పీటర్ చిట్టీకి దక్కింది. తిండి లేక ఎముకలు తేలిన మనుషులు ఈ ఆట ఎలా ఆడారో నాకు ఊహకి అందదు.

నికల్స్ దగ్గరికి వస్తాను. ఇక్కడ తొందరపడను.

1906లో మర్రే నది ఒడ్డున కమ్మెరగంజ అనే ఆదివాసీ రిజర్వులో పుట్టాడు, యోర్టా యోర్టా జాతివాడు. ఎనిమిదేళ్ల వయసులో, కళ్ల ముందే పోలీసులు వచ్చి అక్కని ఎత్తుకుపోయారు. ఆదివాసీ ఆడపిల్లలని ఇళ్లల్లో పనిమనుషులుగా తయారుచేసే ప్రభుత్వ శిక్షణాలయానికి. చదువు పెద్దగా అబ్బలేదు. గొర్రెల ఫారాల్లో కూలిపని చేశాడు. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. కానీ పరుగంటే పరుగే. ఊరూరా జరిగే పరుగు పందేల్లో డబ్బు గెలిచేవాడు, సంతల్లో గుడారం వేసి ఆడే బాక్సింగ్ బృందంతో కూడా తిరిగాడు.

1927లో కార్ల్‌టన్ క్లబ్బులో చేరదామని వెళ్లాడు. అతని ఒంటి వాసన భరించలేమని తోటివాళ్లు అన్నారని, క్లబ్బు పంపించేసిందని చెబుతారు. వాసన అన్నది సాకు, అసలు సంగతి ఒంటి రంగు. ఇలాంటి సాకులు ఎలా పుడతాయో మన దేశంలో పుట్టినవాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నికల్స్ ఒక మెట్టు కింది పోటీ అయిన అసోసియేషన్‌లో నార్త్‌కోట్ క్లబ్బుకి వెళ్లాడు. ఐదేళ్లు ఆడాడు, 1929లో అక్కడ కప్పు గెలిచాడు. అప్పుడు 1932లో ఫిట్జ్‌రాయ్ పిలిచింది.

ఫిట్జ్‌రాయ్ అభిమానులు ఇక్కడొక కథ చెబుతారు. మొదటి రోజు డ్రెస్సింగ్ రూమ్‌లో నికల్స్ ఒక మూల ఒంటరిగా కూర్చున్నాడట. బంటన్ అది చూసి తన సామాను తీసుకొచ్చి అతని పక్కన పెట్టుకుని కూర్చున్నాడట. అప్పటికే బ్రౌన్లో గెలిచిన స్టార్ అలా చేశాక ఇంకెవరూ కిక్కురుమనలేదట. ఇద్దరూ మంచి స్నేహితులయ్యారన్నది నిజమే. బంటన్ చేసింది మంచి పనే. కానీ ఈ కథ చెప్పే పద్ధతి నాకు రుచించదు. కథ ఎవరిది? మూల కూర్చున్నవాడిది కదా. చెప్పేటప్పుడు మాత్రం పక్కన వచ్చి కూర్చున్నవాడు హీరో అవుతాడు, మూల కూర్చున్నవాడు అతని మంచితనానికి సాక్షిగా మిగిలిపోతాడు. పైగా ఫిట్జ్‌రాయ్ ఉదారంగా చేరదీసిందన్న అర్థం వస్తుంది. ఐదేళ్ల పాటు అసోసియేషన్‌లో అందరి కళ్ల ముందూ ఆడి చూపించాక, పనికొస్తాడని తెలిశాకే పిలిచారు. దాన్ని ఉదారత అనరు, ఆటగాణ్ణి కొనుక్కోవడం అంటారు. అయినా కార్ల్‌టన్ చెయ్యని పని ఫిట్జ్‌రాయ్ చేసింది, ఆ మేరకు మెచ్చుకోవాలి.

ఆటగాడిగా అతను ఎంత? 54 మ్యాచ్‌లన్నది మెల్‌బోర్న్ పెద్ద లీగ్ లెక్క మాత్రమే. అంతకుముందు ఐదేళ్ల ఉచ్చదశ కింది పోటీలో గడిచిపోయింది, అదీ అతని తప్పు వల్ల కాదు. 1935లో విక్టోరియా రాష్ట్ర జట్టుకి ఎంపికయ్యాడు. ఆ జట్టుకి ఆడిన మొదటి ఆదివాసీ అతనే. ఒకరి జీవితంలోంచి ఐదేళ్లు లాగేసుకుని, తర్వాత "నువ్వు ఆడింది తక్కువ కదా" అని జాబితాలోంచి తీసెయ్యడం ఏం న్యాయం? సంఖ్యలు అబద్ధం చెప్పవంటారు. వాటిని కూడగట్టిన కాలం చెప్పిన అబద్ధాలన్నీ ఆ సంఖ్యల్లోనే ఉంటాయి.

మోకాలు దెబ్బతిని 1937తో ఫిట్జ్‌రాయ్ ఆట ముగిసింది. ఇక్కడితో ఆటగాడి కథ అయిపోయింది, తర్వాతది సమాజ సేవకుడి కథ అంటాడు పెద్దాయన. నేను ఒప్పుకోనిది సరిగ్గా ఇదే. ఆ కాలంలో కమ్మెరగంజ లాంటి రిజర్వుల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన ఆదివాసీలు చేరిన పేట ఏదనుకుంటున్నారు? ఫిట్జ్‌రాయే. నికల్స్‌ని యుద్ధకాలంలో సైన్యంలోకి తీసుకుంటే, ఫిట్జ్‌రాయ్ పోలీసులే అడిగి విడిపించుకున్నారు, పేటలో ఆదివాసీల మధ్య పనిచెయ్యడానికి ఇతనే కావాలని. గోర్ స్ట్రీట్‌లో చిన్న చర్చి నడిపి పాస్టర్ డగ్ అయ్యాడు. తాగుడు, జూదం, పోలీసు కేసులు, అద్దె బాకీలు, అన్నిటికీ జనం అతని దగ్గరికే. తెల్లవాళ్ల ఆఫీసుల్లో అతని మాట ఎందుకు చెల్లింది? అవతల కుర్చీలో కూర్చున్నవాడు చిన్నప్పుడు బ్రన్స్‌విక్ స్ట్రీట్ మైదానంలో ఆ పొట్టివాడు వింగ్ వెంట దూసుకుపోవడం చూసినవాడు కాబట్టి. ఆట ఇచ్చిన పేరుని అదే పేటలో, ఆ పేట మనుషుల కోసం ఖర్చుపెట్టిన ఆటగాడు అతను. మిగతావాళ్లలో నాకు అలాంటివాడు కనబడడు.

తర్వాత సంగతులు చాలామందికి తెలిసినవే. 1938 జనవరి 26న, తెల్లవాళ్లు వచ్చి 150 ఏళ్లయిందని దేశం పండగ చేసుకుంటుంటే, సిడ్నీలో ఆదివాసీలు నిరసనగా జరిపిన సంతాప దినంలో పాల్గొన్నాడు. 1957లో విక్టోరియాలో ఆదివాసీ అభ్యున్నతి సంఘం పెట్టినవాళ్లలో ఒకడు. రాజ్యాంగంలో ఆదివాసీలని వేరుగా చూసే మాటలు తీసెయ్యడానికి జరిగిన 1967 రెఫరెండం కోసం తిరిగాడు. 1972లో నైట్‌హుడ్, ఆ గౌరవం పొందిన మొదటి ఆదివాసీ. 1976 డిసెంబరులో సౌత్ ఆస్ట్రేలియా గవర్నర్ అయ్యాడు. ఆరోగ్యం దెబ్బతిని కొన్ని నెలలకే దిగిపోవాల్సి వచ్చింది. 1988లో చనిపోతే కమ్మెరగంజలోనే ఖననం చేశారు. మెల్‌బోర్న్ పార్లమెంట్ గార్డెన్స్‌లో అతనిదీ, భార్య గ్లాడిస్‌దీ విగ్రహాలు పక్కపక్కనే ఉన్నాయి. ఆమె పుట్టింటి పేరు బక్స్, తండ్రి వైపు మూలాలు మన దేశానివి. మనవాళ్లు ఎవరైనా మెల్‌బోర్న్ చూడ్డానికి వస్తే నేను అక్కడికి తీసుకెళ్లి ఈ మాట చెబుతాను. ఫొటోలు బాగా దిగుతారు!

2016 నుంచి లీగ్ ఏటా ఆదివాసీల గౌరవార్థం జరిపే రౌండ్‌కి సర్ డగ్ నికల్స్ రౌండ్ అని పేరు పెట్టింది. అన్ని క్లబ్బులూ ఆదివాసీ చిత్రకళతో జెర్సీలు కుట్టించుకుంటాయి, కార్ల్‌టన్‌తో సహా. దాని మీద నాకు సంతోషమూ ఉంది, చిన్న గొణుగుడూ ఉంది. పేరు లీగ్ మొత్తానికి చెందిపోయాక, అతను ఏ క్లబ్బు ఆటగాడన్నది చాలామందికి తెలియకుండా పోతోంది.

కెవిన్ మర్రేని రెండో స్థానంలో ఎందుకు పెట్టానంటే, అదే కొలబద్ద. 333 మ్యాచ్‌లు ఫిట్జ్‌రాయ్‌కే. 1955లో మొదలుపెట్టి, మధ్యలో 1965, 66 రెండేళ్లు ఈస్ట్ పెర్త్‌కి వెళ్లి, మళ్లీ తిరిగొచ్చి 1974 దాకా ఆడాడు. క్లబ్బు ఉత్తమ ఆటగాడి అవార్డు తొమ్మిదిసార్లు. నడుముకి పట్టీ బిగించుకుని ఆడేవాడు. 1969లో 31 ఏళ్ల వయసులో బ్రౌన్లో గెలిచాడు. ఇంత ఆడీ అతనికి ప్రీమియర్‌షిప్ లేదు. అతను ఆడిన కాలంలో జట్టు ఫైనల్స్‌కి వెళ్లిందే 1958లో ఒకసారి, 1960లో ఒకసారి.

అతను కెప్టెన్, కోచ్ రెండూ అయిన 1963లో ఫిట్జ్‌రాయ్ మొత్తం సీజన్‌లో ఒకే ఒక్క మ్యాచ్ గెలిచింది. ఆ ఒక్కటీ ఆ ఏడు కప్పు ఎత్తిన జీలాంగ్ మీద! ఇంకా తమాషా ఏమిటంటే, ఆ రోజు మర్రే రాష్ట్ర జట్టుకి ఆడుతూ ఊళ్లో లేడు. మరుసటి ఏడు అదీ లేదు, ఒక్క గెలుపూ లేకుండా సీజన్ ముగిసింది. ఈ రెండేళ్లూ క్లబ్బు ఉత్తమ ఆటగాడు మర్రేనే. ప్రతి శనివారం ఓడిపోతామని తెలిసీ మైదానంలో దిగి, అందరికన్నా ఎక్కువ ఒళ్లు హూనం చేసుకుని ఇంటికెళ్లడం అంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. కప్పులు గెలిచినవాళ్లకి ఈ పరీక్ష రాదు. "గెలిపించలేనివాడు గొప్పవాడేంటి" అని మన క్రికెట్ చర్చల్లో తరచూ వినబడే మాట ఒకటుంది. 18 మంది ఆడే ఆటలో ఆ మాట ఇంకా అన్యాయం. మర్రే తిరిగొచ్చేసరికి క్లబ్బుకి సొంత గడ్డ కూడా లేదు. 1966తో బ్రన్స్‌విక్ స్ట్రీట్ వదిలేసి ప్రిన్సెస్ పార్క్, జంక్షన్ ఓవల్, విక్టోరియా పార్క్, మళ్లీ ప్రిన్సెస్ పార్క్, వెస్టర్న్ ఓవల్ అంటూ అద్దె ఇళ్లు మారినట్టు మారుతూనే ఉంది.

ఆ సంచారంలోనూ మంచి రోజులున్నాయి. 1979 జూలైలో మెల్‌బోర్న్ జట్టుని 190 పాయింట్ల తేడాతో ఓడించింది, లీగ్ చరిత్రలో అంత తేడా ఇంకే గెలుపులోనూ లేదు. అప్పటి జట్టులో బెర్నీ క్విన్లన్, గ్యారీ విల్సన్ ఉన్నారు. క్విన్లన్‌ని సూపర్‌బూట్ అనేవాళ్లు, అంత దూరం తన్నేవాడు. ఫుట్‌స్క్రే నుంచి వచ్చి 1981లో బ్రౌన్లో పంచుకున్నాడు. ఎవరితో? తనలాగే ఫుట్‌స్క్రే వదిలి సౌత్ మెల్‌బోర్న్‌కి వెళ్లిన బ్యారీ రౌండ్‌తో. ఫుట్‌స్క్రే అభిమానుల కడుపుమంట ఊహించుకోండి. 1983లో 116 గోల్స్, మరుసటి ఏడు 105. విల్సన్ పొట్టి రోవర్, అంటే బంతి ఎటు పోతే అటు పరిగెత్తి అందుకునేవాడు. హెల్మెట్ పెట్టుకుని బంతి కోసం కాళ్ల మధ్య దూరేవాడు. 268 మ్యాచ్‌లు, క్లబ్బు ఉత్తమ ఆటగాడు ఐదుసార్లు. 1986లో చివరి ఫైనల్స్. ఎసెండన్‌తో మ్యాచ్ ఆఖరి క్షణాల్లో మిక్ కాన్లన్ కొట్టిన గోల్‌తో ఒక్క పాయింటు తేడాతో గట్టెక్కింది. రెండు వారాల తర్వాత హాథార్న్ చేతిలో ఓడింది, అంతే.

ఆ తర్వాత ఒక్కొక్కరే వెళ్లిపోయారు. గ్యారీ పెర్ట్ కాలింగ్‌వుడ్‌కి, రిచర్డ్ ఆస్బోర్న్ సిడ్నీకి, అలస్టర్ లించ్ బ్రిస్బేన్‌కి, 269 మ్యాచ్‌లు ఆడిన పాల్ రూస్ సిడ్నీకి. జీతాలే సరిగ్గా రాని క్లబ్బు నుంచి వెళ్లినవాళ్లని ద్రోహులనడం నాకు ఇష్టం లేదు. రూస్ తర్వాత కోచ్‌గా 2005లో సిడ్నీకి కప్పు తెచ్చాడు. దాన్ని చూసి ఫిట్జ్‌రాయ్ వాళ్లు గర్వపడ్డారో ఏడ్చారో, బహుశా రెండూ.

మరి బ్రిస్బేన్‌కి ఈ పేర్ల మీద హక్కుందా? ఉంది, కొంత. జెర్సీ వెనక కాలర్ కింద రెండు క్లబ్బుల పొడి అక్షరాలూ కుట్టారు. ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చే పతకానికి మెరెట్–మర్రే అని పేరు పెట్టారు, బేర్స్ నుంచి రోజర్ మెరెట్, ఫిట్జ్‌రాయ్ నుంచి మన మర్రే. ఫిట్జ్‌రాయ్ పాత ఆటగాళ్ల కొడుకుల్ని తండ్రీకొడుకుల నిబంధన కింద బ్రిస్బేన్ తీసుకోవచ్చు. బ్రయన్ బ్రౌన్ కొడుకు జోనథన్ బ్రౌన్ అలాగే వచ్చి మూడు కప్పుల జట్టులో నిలిచాడు. 2010 సీజన్‌కి ముందు పాత సింహాన్ని తీసేసి ఐస్‌ఫ్రూట్ ప్రకటనలో బొమ్మలాంటి కొత్త సింహాన్ని పెడితే మెల్‌బోర్న్ అభిమానులు మండిపడ్డారు, గొడవ కోర్టుదాకా వెళ్లింది. 2015కి పాత సింహం తిరిగొచ్చింది. అంటే అడిగితేనే గుర్తుకొచ్చే హక్కన్నమాట.

విలీనం మొత్తాన్ని నమ్మేలా చేసినవాడు నా దృష్టిలో క్రిస్ జాన్సన్. ఆ ఎనిమిది మందిలో 2001, 2002, 2003 మూడు కప్పుల్లోనూ ఆడినవాడు అతనొక్కడే. 2007లో రిటైరయ్యాడు, లీగ్‌లో ఆడిన చివరి ఫిట్జ్‌రాయ్ ఆటగాడు. శతాబ్దంలోని మేటి ఆదివాసీ ఆటగాళ్లతో ఎంచిన ఆదివాసీ శతాబ్దపు జట్టులోనూ చోటు దక్కింది. నికల్స్‌ని మూలన కూర్చోబెట్టిన లీగ్‌లో, అతని క్లబ్బు ఆఖరి ఆటగాడు కూడా ఆదివాసీనే కావడం ఎవరో రాసిపెట్టినట్టు ఉంటుంది. నేను జాతకాలు నమ్మను, కాబట్టి దీని గురించి ఇంకేమీ అనను.

ఇంకో దావా కూడా ఉంది. అసలు ఫిట్జ్‌రాయ్ క్లబ్బు చట్టరీత్యా చావలేదు. 1998లో అడ్మినిస్ట్రేషన్ నుంచి బయటపడి, 2009 నుంచి అమెచ్యూర్ పోటీల్లో అదే పేరుతో, అదే బ్రన్స్‌విక్ స్ట్రీట్ మైదానంలో ఆడుతోంది. 1888 నాటి గ్యాలరీ ఇంకా నిలబడే ఉంది. జీతం లేని కుర్రాళ్లు, కంచె పక్కన కుక్కలతో నిలబడి చూసే జనం. పేటతో ఉన్న బంధాన్ని బట్టి చూస్తే నికల్స్, మర్రే వీళ్లకే చెందుతారు. బ్రిస్బేన్ వాళ్లకి పేరుంది, సింహముంది, కప్పులున్నాయి. వీళ్లకి పేటుంది. నా కొలబద్ద ముందే చెప్పాను కాబట్టి నా ఓటు ఎటో మీకు తెలిసే ఉంటుంది.

నా వరస ఇది: నికల్స్, మర్రే, బంటన్. నాలుగో స్థానానికి క్విన్లన్ అన్నాను. మూడోది దాకా తల అడ్డంగా ఊపుతూ విన్న పెద్దాయన ఇక్కడ మాత్రం నిజంగా కోప్పడ్డాడు. క్విన్లన్ సగం జీవితం ఫుట్‌స్క్రేలో ఆడి వచ్చినవాడు, విల్సన్ మొదటి నుంచి చివరిదాకా మావాడు, నీ కొలబద్ద ప్రకారమే విల్సన్ ముందుండాలి కదా అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నాలుగోది విల్సన్.